జూడో విద్య పుట్టుపూర్వోత్తరములు

బలవంతుడు బలహీనుని గొట్టుట లోకమున క్రొత్త సంగతి కాదు. దెబ్బలు తినువాడు తనకును కండలు పెరుగువఱకు ఓర్చుకొని యుండవలసినదేనా, లేక ఉన్న కొలదిపాటి బలముతోనే తన్ను తాను కాచుకొను నుపాయ మేదైన గలదా? 1870 తరువాతి సంవత్సరములలో టోకియో నగరమందలి యొక వసతిపాఠశాలలో బక్కపలుచని పిల్లవాని మనస్సున ఈ ప్రశ్న పుట్టెను. ఆతడు పెరిగి పెద్దవాడై 1882లో దాని కొక సమాధానము నిర్మించెను. ఆ సమాధానమునకు జూడో యని పేరు. ఆ పిల్లవానికి కానో జిగోరో యని పేరు. (కానో యనునది ఇంటిపేరు. జపానీయులును మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పి పిమ్మట సొంతపేరు చెప్పుదురు.)

నేడు జూడో యనగానే మనకు ఒలింపిక్ పతకములు జ్ఞప్తికి వచ్చును. తెల్లని దుస్తులు ధరించిన యిరువురు ఒకరి యంగీని మఱియొకరు పట్టుకొని పెనుగులాడుచున్న చిత్రములను పత్రికలలో జూచి, ఇది యొక తీరు కుస్తీ యనుకొని యూరకుందుము. ఆ కుస్తీ వెనుక నొక విద్యాసంస్కరణ చరిత్ర గలదు. మూసియుంచిన విద్య నెట్లు తెఱచిరి, ఎంతవఱకు తెఱచిరి, ఎవరికి మాత్రము సగము తలుపే తీసిరి యనునది యా చరిత్రలోని ముఖ్యాంశము. ఆడుపిల్లలు చదువుకొనుచున్న యిండ్లలో దీనిని దెలిసికొనుట యవసరమని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

జూడోకు తల్లి జుజుత్సు. 'జూ' యనగా మెత్తదనము, వంగుట, లొంగుట. 'జుత్సు' యనగా నేర్పు. చేత ఆయుధము లేనపుడో, ఉన్నది జాఱిపోయినపుడో, శత్రువు మీదికి వచ్చినచో వానిని పట్టి పడవేయుటకును, కీళ్ళు మెలిపెట్టుటకును, గొంతు బిగించుటకును, మర్మస్థానముల గొట్టుటకును సమురాయీలను యోధులు కూర్చుకొన్న పట్ల సముదాయమే జుజుత్సు. తొకుగావా ప్రభువుల యేలుబడిలో 1603 మొదలు రెండువందల యేబది సంవత్సరములకు పైగా దేశమున శాంతి నెలకొనియుండుటచే, యుద్ధభూమిలో బుట్టిన యీ విద్య గురువుల యిండ్లలో బెరిగి యనేక శాఖలుగా చీలెను. ఒక్కొక్క శాఖ యొక్కొక్క గురుపరంపర సొత్తు. ఆ పరంపరలోని పట్ల పేర్లు చుట్టగ్రంథములలో వ్రాయబడియుండెను గాని, వాని కీలకము మాత్రము గురువు నోటనుండియే వినవలెను. తగినవాడని తోచినవానికే గురువు ఆ గ్రంథము నిచ్చును. కడపటి పట్టును శిష్యునకు జెప్పక దాచుకొన్న మల్లగురువు కథ మన యూళ్ళలోను పెద్దలు చెప్పుకొనుచుందురు గదా! విద్య దాచుకొనుటయే విద్యకు గౌరవమను తలంపు ఒక్క దేశమునకు జెందినది కాదు.

1868లో చక్రవర్తి పేర క్రొత్త ప్రభుత్వ మేర్పడగనే ఆ లోకము తలక్రిందులయ్యెను. సమురాయీలకు ప్రభువులిచ్చెడి భృతి పోయెను. 1876లో వీధిలో కత్తి ధరించుట నిషిద్ధమయ్యెను. రైలుబండ్లు, తంతితపాలు, ఐరోపీయుల దుస్తులు వచ్చినవి. వానితోపాటు పాతదెల్ల మోటుదని తలంచు మనస్తత్త్వమును వచ్చెను. జుజుత్సు గురువుల యింట శిష్యులు కఱవైరి. కొందఱు టిక్కెట్టు పెట్టి ప్రదర్శనము లిచ్చి పొట్టపోసికొనిరి. పెక్కుమంది విఱిగిన యెముకలు కట్టు వృత్తిని జేపట్టిరి. కీళ్ళు తప్పించుట నేర్చినవానికి కీళ్ళు సరిచేయుటయు వచ్చును గదా!

ఇట్టి కాలమున, 1860వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన, కోబే సమీపమున సముద్రతీరమందలి మీకగె గ్రామములో కానో జన్మించెను. వారిది బియ్యపు మద్యము కాచి యమ్ము సంపన్న కుటుంబము. తండ్రి యా వ్యాపారము జోలికిబోక ప్రభుత్వమువారి నౌకాకార్యములు చూచుచుండెడివాడు. తల్లి చిన్నతనముననే గతించెను. ఆ పిమ్మట తండ్రి పిల్లలను టోకియో నగరమునకు దీసికొనిపోయి మంచి చదువు చెప్పించెను. ఆంగ్లము, జర్మను భాషలలో పాఠములు చెప్పు వసతిపాఠశాలలో జేరిన కానో చదువున ముందుండెను. ఆకారమున మాత్రము అందఱికంటె కుఱుచ. పెద్ద పిల్లలు ఆతని గొట్టి యేడిపించుచుండిరి. చదువులో నోడినవారు ఆ కసి దేహముమీద దీర్చుకొనుట పాఠశాలలలో నిప్పటికిని జరుగు చర్యయే.

ఆ దినములలో కానోవారింటికి వచ్చిపోవుచుండిన నాకాయి బైసేయి యను పూర్వప్రభుత్వపు భటుడొకడు, బలహీనుడు బలవంతుని పడవేయు విద్య యొకటి గలదని చెప్పి, రెండు మూడు పట్లు పట్టి చూపెను. నాకు నేర్పుమని పిల్లవాడు వేడుకొనెను. ఇప్పు డది యెందుకు పనికివచ్చునని ఆతడు నవ్వి ఊరకుండెను. ఆ విద్య యెఱిగిన యితర పరిచితులును నేర్పుటకు ఒప్పుకొనలేదు. తండ్రియు సమ్మతింపలేదు. ఎఱిగినవారికే తమ విద్యపై విశ్వాసము చచ్చియుండెను.

1877లో విశ్వవిద్యాలయమున జేరి స్వతంత్రత కలిగిన పిమ్మట కానో తానే గురువును వెదకుకొన నారంభించెను. వెదకిన విధము విచిత్రము. జుజుత్సు గురువులలో పెక్కుమంది యెముకలు కట్టువారైరని విని, వీధులవెంట బోవుచు ఎముకవైద్యుని పలక కనబడిన యింటనెల్ల మీకు జుజుత్సు వచ్చునా యని యడుగుచు వచ్చెను. కొందఱు రాదనిరి; కొందఱు మానివేసితి మనిరి. తుదకు యాగి తెయినొసుకె యను వృద్ధుడొకడు తనయింట చోటు లేదని చెప్పి, తన స్నేహితుడగు ఫుకుదా హచినొసుకె యొద్దకు బంపెను. ఫుకుదా తెన్‌జిన్ షిన్‌యో యను శాఖలో దిట్ట. ఆతనికిని ఎముకలు కట్టుటయే జీవనము. నిత్యము వచ్చు శిష్యులను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

ఈ గురుశిష్యుల నడుమ జరిగిన చిన్న సంగతి యొకటి కానో తరువాత తానే చెప్పుకొనెను. ఒకనాడు ఫుకుదా ఆతని నొక పట్టున పడవేసెను. కానో లేచి, చేయి యెచ్చట నుంచితిరి, కాలెట్లు కదల్చితిరి యని యడిగెను. రమ్మని పిలిచి గురువు మరల పడవేసెను. శిష్యుడు మరల లేచి యదే ప్రశ్న వేసెను. గురువు మరల పడవేసెను. ఇట్లు పలుమాఱులు జరిగిన పిమ్మట, అడిగి తెలిసికొనునది కాదు, పడి పడి నేర్చుకొనవలసినదని గురువు తేల్చి చెప్పెను. ఫుకుదా మంచివాడు, శ్రద్ధగల గురువు. తనకు నేర్పినవారు ఎట్లు నేర్పిరో యట్లే నేర్పెను. కాని విశ్వవిద్యాలయమున తర్కమును రాజ్యశాస్త్రమును చదువుచున్న శిష్యునకు ఆ సమాధానము చాలలేదు. ఎందుకని ప్రశ్నించుట ధిక్కార మనుకొను విద్యాగృహమున ఎందుకని యడిగిన యా యువకుని నోటియందే క్రొత్తవిద్యకు బీజము గలదని మా యభిప్రాయము.

ఆ తోటి విద్యార్థులలో ఫుకుషిమా కనెకిచి యనువాడు మహాకాయుడు. ఆతనిని కానో యెంత యత్నించినను పడవేయజాలకపోయెను. తమ విద్యలో నుపాయము దొరకనపుడు సుమో మల్లుని నడిగెను, అదియు పనిచేయలేదు. అంతట గ్రంథాలయమునకు బోయి పాశ్చాత్యుల మల్లయుద్ధమును గూర్చిన పుస్తకము తెఱచి, ఎదుటివానిని భుజములమీది కెత్తుకొని త్రిప్పి వేయు పట్టొకటి చూచి, స్నేహితులపై నభ్యసించి, ఒకనాడు ఫుకుషిమాను ఎత్తి వేసెను. ఆ పట్టు నేటికిని జూడోలో 'కతాగురుమా' యను పేర నున్నది. భుజచక్ర మని దాని యర్థము. మంచి యుపాయము పరదేశముదైనను పుచ్చుకొనుటకు ఆతనికి సిగ్గు లేకుండెను.

1879వ సంవత్సరమున అమెరికాదేశపు మాజీ అధ్యక్షుడు గ్రాంటు జపానునకు వచ్చినపుడు, షిబుసావా యెయిచి యను వర్తకప్రముఖుని యింట జరిగిన జుజుత్సు ప్రదర్శనములో ఫుకుదాతోపాటు కానోయు బాల్గొనెను. కొలది దినములకే ఫుకుదా చనిపోయెను. పిమ్మట అదే శాఖకు జెందిన ఇసో మసతొమొ యొద్ద జేరగా ఆతడును 1881లో గతించెను. మూడవ గురువు కితో శాఖకు జెందిన ఇయికుబో త్సునెతోషి. మొదటి యిరువురు కీళ్ళపట్లలోను గొంతుపట్లలోను ఆఱితేరినవారు. ఇయికుబో నిలువున పడవేయుటలో నిపుణుడు. ఒకే శిష్యుడు రెండు శాఖల మర్మములను ఎఱిగి, ప్రక్కప్రక్కన బెట్టి పోల్చి చూచుట ఆ దినములలో సామాన్యము కాదు.

1885 ప్రాంతమున ఒకనాటి యభ్యాసములో కానో తన గురువు నవలీలగా మరల మరల పడవేసెను. అంతవఱకు పడుటయే గాని పడవేయుట యెఱుగనివాడు! గురువు ఆశ్చర్యపడి కారణ మడిగెను. ఎదుటివాని నిలుకడను ముందుగా చెఱిచి, పిమ్మట పట్టు వేయవలెనని తాను గ్రహించినట్లు కానో చెప్పెను. నిలిచియున్న మనుష్యుని దేహము ఏవైపు త్రోసిన ఆవైపు సర్దుకొనుటకు యత్నించును. ఆ సర్దుబాటు ముగియక మునుపే పట్టు పడవలెను. తాను నేర్పుటకు మిగిలిన దేమియు లేదని ఇయికుబో యొప్పుకొని, తన శాఖ గ్రంథములను శిష్యుని కిచ్చివేసెను. ఆ గురువు నౌదార్యమును గూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ సూత్రమును కానో తన యుపన్యాసములలో లెక్కగా చెప్పెడివాడు. ఎదుటివాని బలము పది పాళ్ళు, నా బలము ఏడు పాళ్ళు అనుకొందము. వాడు నన్ను త్రోయును. నా యేడు పాళ్ళును వెచ్చించి యెదురుత్రోసినను వాడే గెలుచును. నేను లొంగి వెనుకకు జరిగితినా, వాని త్రోపు తగులు చోటు లేక వానినే ముందున కీడ్చును. తూలి, కాలు నిలద్రొక్కుకొన జూచు ఆ క్షణమున వానికి మిగులునది మూడు పాళ్ళే. నిలుకడ చెడని నా యేడును నాయొద్దనే యున్నవి. అందులో సగముతో వానిని పడవేయవచ్చును. నూతిలో చేద లాగునపుడు హఠాత్తుగా త్రాడు తెగినచో లాగుచున్నవారు వెనుకకు విఱుచుకొని పడుట మన యిండ్లలోని స్త్రీలెల్ల నెఱుగుదురు. అక్కడ పడవేసినది ఎవరు? తమ బలమే. త్రాడు తెగు క్షణమును మనచేత నుంచుకొనుటయే యీ విద్య.

ఇయికుబో యొద్ద నేర్చుకొనుచున్న కాలముననే, అనగా 1882లో, టోకియో నగరమున షితాయా పేటలోని యెయిషోజి యను బౌద్ధదేవాలయమున గదులు అద్దెకు గొని, ఇరువదిరెండవ యేడు నిండని కానో తన పాఠశాలను స్థాపించెను. దానికి 'కోడోకాన్' అని పేరుపెట్టెను. మార్గము నభ్యసించు మందిర మని యర్థము. మొదట దేవాలయపు గదిలోనే యభ్యాసము జరుగుచుండగా నేలపలకలు విఱుగుటయు, గూటిలోని పితృదేవతల పేరుపలకలు దొర్లిపడుటయు జరిగి పూజారి మొఱపెట్టుకొనెననియు, కానో దీపము చేతబట్టి నేలక్రింద దూఱి విఱిగిన దూలములను తానే సరిచేసెననియు చెప్పుదురు. పిమ్మట ఆవరణలో వేఱుగ నొక చిన్న పాక వేసిరి. అది పండ్రెండు చాపల గది. జపానీయుల చాప యొక్కటి సుమారు ఆఱడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. కనుక మొత్తము పదునెనిమిదడుగుల పొడవును పండ్రెండడుగుల వెడల్పును గల గదియే! తొలి యేట చేరినవారు తొమ్మండుగురు. వారియొద్ద రుసుము గొనలేదు. కొందఱకు అన్నమును పెట్టి, ఆ వ్యయమునకై కానో పగలు గకుషుయిన్ పాఠశాలలో పాఠములు చెప్పుచు, రాత్రులు తర్జుమాలు చేయుచు ధనము కూర్చుచుండెను. 1886 నాటికి ఒక్క యేటనే వందకు సమీపముగ విద్యార్థులు చేరిరి.

ఇక ఆయన చేసిన మార్పు లేమి? మొదటిది పేరు. 'జుత్సు' తీసి 'దో' యుంచెను. నేర్పు పోయి మార్గము వచ్చెను. పేరు మార్చుట సులభమే. తక్కిన మార్పులు చూడవలెను. పడవేయుటకంటె ముందుగా దెబ్బతగులకుండ పడుట నేర్పెను. భుజము దొర్లించి, చేతితో చాపపై చఱచి పడిన బాధ తక్కువ యగును. పడుటకు భయపడువాడు కదలుటకును భయపడును. ప్రాణాపాయకరములైన పోటులను దెబ్బలను స్వేచ్ఛాభ్యాసమునుండి తొలగించి, ముందుగా నిర్ణయించుకొన్న వరుసలో నిరువురు కూడి చేయు 'కతా'లలో మాత్ర ముంచెను. మిగిలిన పట్లతో శిష్యులు ఒకరితో నొకరు నిజముగ బెనుగులాడవచ్చును. దీనికి 'రందొరి' యని పేరు. పాత పాఠశాలలలో పెక్కిట పట్ల వరుసను వల్లెవేయుటయే ప్రధానము. ఇక్కడనో, ఎదిరించు మనుష్యునిపై దినదినమును పట్టు పరీక్షింపబడును. పరీక్షకు నిలువని పట్టు తనంతట తానే జాఱిపోవును. ఆపైన, సంవత్సరముల తరబడి కాచుకొన్న పిమ్మట నెప్పుడో లభించు చుట్టగ్రంథమునకు మాఱుగా, మెట్టుమెట్టుగా 'దాన్' అను శ్రేణులను కల్పించెను. 1883లో తొమితా త్సునెజిరో, సయిగో షిరో యను నిరువురు శిష్యులకు మొదటి దాన్ లభించెను. తరువాత మూడేండ్లకు పైశ్రేణులవారు నల్లని నడికట్టు కట్టుకొను నాచారము వచ్చెను. నేడు లోకమందలి ఇతర యుద్ధవిద్యలవారు గట్టుకొను నల్లనడికట్టునకు పుట్టినిల్లు ఇదియే.

ఇంత చేసినవాడును తలుపు పూర్తిగా తీయలేదు. కోడోకానున జేరువారు ఐదు ప్రతిజ్ఞలతో గూడిన పత్రముపై సంతకము చేయవలెను. గురువు ననుమతి లేనిదే యీ విద్యారహస్యములను బయట చెప్పననియు, ఒరులకు నేర్పననియు అందులో నుండెను. తలుపు తెఱచిన చేతియందే గడియయు నుండెనన్నమాట. కాలక్రమమున ఆ మాటకు పట్టు సడలెను. ఆయనయే వందలకొలది యుపన్యాసములలోను పత్రికలలోను తన విద్యను బహిరంగముగ విప్పి చెప్పెను. పాతయింట పుట్టినవాడు పాతయింటి గోడలను ఒక్కనాట పడగొట్టడు. ఇది నిందగా చెప్పుటలేదు.

క్రొత్తవిద్యను పాతవారు పరిహసించిరి; పుస్తకముల జుజుత్సు వీరికి నిజమైన పోటీ నిలువదనిరి. 1886 ప్రాంతమున పోలీసుశాఖవారి యాధ్వర్యమున కోడోకాను శిష్యులకును పాత పాఠశాలల వారికిని పోటీలు జరిగి కోడోకానువారు మిక్కిలిగ గెలిచిరి. తేదీని గూర్చియు వివరములను గూర్చియు చరిత్రకారులు ఏకీభవింపరు, కథలు పెరిగినవి. సయిగో షిరోను పోలిన నాయకునితో, తొమితా కుమారుడగు త్సునెయో 1942లో 'సుగాతా సన్‌షిరో' యను నవల వ్రాయగా, మఱుసటి యేడు కురొసావా దానిని చలనచిత్రముగ దీసెను. అటుపై కథ యెంత, చరిత్ర యెంత యని విడదీయుట కష్టమయ్యెను. పోలీసువారు జూడో గురువులను నియమించుకొనిరనుట మాత్రము నిశ్చయము.

మా దృష్టిలో ఆ విజయముకంటె కానో ఉపాధ్యాయ జీవితము ముఖ్యమైనది. ఆయన మల్లుడుగ కాలము గడపలేదు. 1889లో విద్యాసంఘమువారి యెదుట జూడోవలన దేహపుష్టి, ఆత్మరక్షణ, శీలము మూడును కలుగునని సాధించుచు దీర్ఘోపన్యాస మిచ్చెను. 1891లో కుమామొతో నగరమున ఐదవ ఉన్నత పాఠశాలకు ప్రధానాధ్యాపకుడుగ బోయెను. అక్కడ ఆంగ్లము చెప్పుచుండిన లఫ్కాడియో హెర్న్ ఆ విద్యను జూచి యబ్బురపడి 1895లో ప్రచురించిన తన గ్రంథమున దానిపై నొక వ్యాసము వ్రాసెను. పాశ్చాత్యులలో పెక్కుమంది యీ విద్య పేరు తొలుత వినినది అందుండియే. 1893 మొదలు టోకియో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు ప్రధానాధ్యాపకుడై, నడుమ కొలది విరామములతో, 1920 వఱకు నుండెను. దేశమునకు ఉపాధ్యాయులను తయారుచేయు స్థానమది! అచ్చట జూడో నేర్చినవారు జపాను నలుమూలల పాఠశాలలకు బోయిరి. 1911లో మాధ్యమిక పాఠశాలలలో కత్తిసాము, జుజుత్సులకు పాఠ్యక్రమమున చోటు దొరకెను. చీనా విద్యార్థులకై ఆయన నెలకొల్పిన కోబున్ పాఠశాలలోనే తరువాత మహారచయితయైన లూ షున్ జపాను భాష నేర్చుకొనెను.

ఇంతకును, బలహీనుని కొఱకు విద్య యన్నపుడు లోకమున మిక్కిలి బలహీనులుగ నుంచబడినవారు స్త్రీలే కదా, వారి మాట యేమి? చదువరు లీపాటికి అడుగుచునే యుందురు.

మొదట ఇంగ్లండు సంగతి చెప్పవలెను. జూడోకు ముందటిదగు జుజుత్సు బార్టన్ రైట్ అను నాంగ్లేయుని మూలమున 1899 ప్రాంతమున లండను చేరెను. ఆయన పిలిపించిన జపాను గురువులవలన దానిని నేర్చినవారిలో ఎడిత్ గారడ్ అను నామె యొకతె. ఆమె ఎత్తు ఐదడుగులకు ఒక యంగుళము తక్కువ. స్త్రీలకు వోటుహక్కు కోరి పోరాడుచుండిన సంఘమువారికి ఆమె ఈ విద్య నేర్పెను. 1913లో, కారాగృహమున నిరాహారవ్రతము పూనిన స్త్రీలను నీరసించినపుడు విడిచి, కోలుకొనగనే మరల పట్టుకొను చట్టము వచ్చెను. ప్రజలు దానిని పిల్లి ఎలుక చట్టమని పిలిచిరి. నాయకురాలగు పాంఖర్‌స్టు అమ్మగారిని పోలీసులు మరల పట్టుకొనకుండ కాచుటకు స్త్రీల రక్షకదళ మొకటి యేర్పడెను. వారికి గురువు గారడ్. వారు ఉడుపులలో దాచుకొన్న ఆయుధములు మన దేశపు వ్యాయామగదలనుండి పుట్టినవే! ఇండియా నుండి బోయిన గదలు, జపాను నుండి బోయిన పట్లు, ఇంగ్లండు స్త్రీల చేతులలో గలసికొనినవి.

మన దేశమునకును ఈ విద్య ఒక సంస్కర్త మూలముననే వచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు 1905లోనే సానో జిన్నొసుకె యను గురువును శాంతినికేతనమునకు రప్పించెను. 1929లో తకగాకి షిన్‌జో యను కోడోకాను గురువును పిలిపించి, బాలురతోపాటు బాలికలకును నేర్పించెను. వంగదేశపు కులస్త్రీలు బరిలోనికి దిగి పురుషుని పడవేయుట నేర్చుకొనుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. వారి ప్రదర్శనమున కొఱకు కవి స్వయముగ నొక గీతము రచించెను. ఐనను, ఆ గురువును నిలుపుకొనుటకు ధనసహాయ మొసగువారు లేక రెండేండ్లకే ఆ ప్రయత్నము నిలిచిపోయెను. సభలలో స్త్రీజనోద్ధరణమును గూర్చి చప్పట్లు కొట్టువారికి కొదువ లేదు. చందా యడిగినపుడే కొదువ.

కోడోకానులో నేమి జరిగెను? కానో 1893లోనే అషియా సుయెకో యను నామెకు జూడో నేర్ప నారంభించెను. తన భార్యకును కుమార్తెలకును నేర్పెను. కోడోకానున స్త్రీలశాఖ మాత్రము 1926లో గాని తెఱవబడలేదు. ముప్పది మూడేండ్లు! అచ్చటను స్త్రీలు కతాలు నేర్వవచ్చును, మెల్లని రందొరి చేయవచ్చును, పోటీలకు దిగరాదు. దెబ్బలు తగులునని కారణము చెప్పిరి. పురుషునకు తగిలిన దెబ్బ యనుభవ మగునట, స్త్రీకి తగిలిన దెబ్బ ప్రమాద మగునట. స్త్రీ కట్టుకొను నల్లనడికట్టుపై నిలువునా తెల్లని గీత యొకటి యుండెను. స్త్రీలకు నేర్పువారే లేని కాలమున తాను నేర్పెనని కానోను మెచ్చుకొనవలెను. ఎందుకని యడుగుటతో మొదలైన విద్యలో, మాకెందుకు వలదని యడిగిన స్త్రీలకు సమాధానము దొరకలేదని గూడ చెప్పవలెను.

1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘమున చేరిన తొలి ఆసియావాసి యయ్యెను. 1922లో తన విద్యాసారమును రెండు వాక్యములుగ సంగ్రహించెను: శక్తిని సద్వినియోగము చేయుట యొకటి, తానును ఒరులును కూడి వృద్ధిబొందుట రెండవది. దేశము యుద్ధోన్మాదమున మునుగుచున్న దినములవి. వ్యాయామశాలలను సైనికులు తమవిగ జేసికొనుచుండిరి. 1938లో కైరో నగరమున జరిగిన ఒలింపిక్ సభనుండి మరలివచ్చుచు, మే 4వ తేదీన, హికవా మారూ యను ఓడపై ఆయన చనిపోయెను. టోకియోకు ఆయన సంపాదించిన 1940 నాటి ఒలింపిక్ క్రీడలు యుద్ధమువలన జరుగలేదు. 1945లో యుద్ధమున నోడిన జపానున, పాఠశాలలలో జూడో నేర్పుటను అమెరికా యధికారులు నిషేధించిరి. 1950లో మరల అనుమతించిరి.

1964లో టోకియో నగరముననే జూడో ఒలింపిక్ క్రీడలలో జేరెను. పురుషులకు బరువునుబట్టి మూడు తరగతులును, బరువుతో నిమిత్తములేని తరగతి యొకటియు నేర్పఱచిరి. ఆ కడపటి తరగతిలో, అక్టోబరు 23వ తేదీన, హాలెండుదేశపు ఆంటన్ గెసింక్, ఆఱున్నర యడుగుల పొడవరి, జపానువాడగు కమినాగాను నేలకదిమి గెలిచెను. చూచువారిలో కన్నీరు పెట్టుకొన్న జపానీయులు పెక్కుమంది. తనవారు ఉబ్బి బరిమీదికి పరుగెత్తబోగా గెసింక్ చేయెత్తి వారించి, ఓడినవానికి మర్యాదతో వంగి నమస్కరించెను. కుఱుచవాని విద్య పొడవరికి పతకము తెచ్చె నని కొందఱు నవ్విరి. మాకు వేఱుగ తోచును. నేర్పు సమానమైనచో బలమే గెలుచును. ఇది కానో లెక్కలోనే యున్నది. తూలని పదిని ఏడు పడవేయజాలదు. జూడో బలహీనునకు విజయము వాగ్దానము చేయలేదు, వెదకుకొనుట కొక క్షణము నిచ్చెను. వీధిలో పైబడు దుర్మార్గుడు గెసింక్ వంటి నేర్పరి కాడు గనుక ఆ క్షణము చాలును. బరిలో నిరువురును నేర్పరులే గనుక బరువుల తరగతులు కావలసివచ్చినవి.

స్త్రీలకు ఒలింపిక్ క్రీడలలో జూడో పతకములు 1992లో, బార్సిలోనా నగరమున గాని రాలేదు. అంతకు ముందు 1959లో అమెరికాలో రస్టీ కనొకోగి యను స్త్రీ పురుషవేషము వేసికొని పోటీలో గెలిచి, ఆడుదని తెలియగనే పతకము తిరిగి యిచ్చివేయవలసి వచ్చెను. 1980లో న్యూయార్కు నగరమున తొలి స్త్రీల ప్రపంచ పోటీలు జరుగుటకు ప్రధాన కారకురాలు ఆమెయే.

కానో తొలిగురువగు ఫుకుదా హచినొసుకెకు మనుమరాలు ఫుకుదా కెయికో 1913లో పుట్టెను. ఆమె యెత్తును గారడ్ యెత్తే. బరువు నూఱు పౌనులు నిండదు. తన గురువు కుటుంబపు బిడ్డ యని కానో స్వయముగ ఆమెను పిలువగా, 1935లో కోడోకాను స్త్రీలశాఖలో జేరెను. తల్లియు అన్నయు ఆమె యచ్చట నెవరినైన జూడో వరుని బెండ్లాడునని తలంచిరట. సంబంధము వచ్చినపుడు, పెండ్లియైనచో జూడో విడువవలసి వచ్చునని యామె కాదనెను. 1953లో ఐదవ దాన్ వచ్చెను. స్త్రీలకు అంతకు పైమెట్టు లేదు. ఆమె అమెరికాకు బోయి, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్త్రీలకొఱకు పాఠశాల నడపుచుండగా, 1972లో ఆ నిషేధము తొలగి ఆఱవ దాన్ ఇచ్చిరి. 2006లో, తొంబదిరెండేండ్ల వయస్సున, కోడోకాను ఆమెకు తొమ్మిదవ దాన్ నొసగెను. 2011లో అమెరికా జూడో సంఘమువారు పదవ దాన్ నిచ్చిరి. తాతగారు ప్రశ్నకు సమాధానము చెప్పక పడవేసిన శిష్యుని విద్యను, ఆమె పడుట మొదలుకొని ప్రతి మెట్టును వివరించి చెప్పుచు, 2013 ఫిబ్రవరిలో చనిపోవు కాలము సమీపించువఱకును నేర్పుచునే యుండెను.